ఎడమచేతి ముడి

దూది చుట్టిన పుల్ల
చిన్నాన్న బుగ్గ లోపల తిప్పుతుంటే
కళింగపట్నం దీపస్తంభం మీద ఇంకా ఎండ ఉంది.
"ఏటే గుంటా,
ఉమ్ము కొనీవోళ్ళు కూడా వచ్చీసినారేటే?
కిలో ఎంత?"

నా బుగ్గ పనికిరాదు.
కొడుకులకే అందే ఉత్తరం అది,
నెత్తుట్లో ఒక్క పొట్టి పోగు.
శ్రీకాకుళం ల్యాబులో రోజంతా
పరాయి నెత్తుర్లు గాజుగొట్టాల్లో తిప్పుతాను,
అడుగుదామంటే అయ్య లేడు.
అన్న వెరావల్ బోటులో ఉన్నాడు,
సంద్రం మీద ఫోను పలకదు.
అందుకే చిన్నాన్న.

ఆరు వారాలకి కాగితం.
ఓ అనే అక్షరం, ఎం తొంభై అయిదు.
కింద ఒక పటం, పటం మీద బాణం:
ఎక్కడో తూర్పు అడవుల్లో బయల్దేరి
వేల ఏళ్ళు నడిచి
మా కొండల దాకా వచ్చింది.
సవర మగవాళ్ళలో ఎక్కువట ఈ గుర్తు.
ఇంకో కవరులో
అదే సూరాడ ఇంటిపేరున్న
దాలయ్య పెదనాన్న కాగితం.
ఆయనది హెచ్.

రెండూ పక్కపక్కన పరిచాను,
ఫ్యాను గాలికి ఎగరకుండా
టిఫిను డబ్బా మూత బరువు పెట్టి.
మా ముత్తాతే ఆయన తాత.
ఒకే గంగమ్మ మొక్కు.
ఒకే పడవ మీద ఇరవై ఏళ్ళ పేచీ.
మధ్యలో నలభై వేల ఏళ్ళ ఎడం.

గుర్తంటే ఏమిటో
చిన్నాన్నకి చెప్పడానికి మాట వెతుక్కుంటూ పోయాను:
నకలు రాసేటప్పుడు పడ్డ తప్పు, చిన్నాన్నా.
ఒక తండ్రిలో ఒక అక్షరం జారింది.
ఎవరూ దిద్దలేదు.
ఆ తప్పునే నమ్మకంగా
రాసుకుంటూ వచ్చారు కొడుకులు.

వల బాగుచేస్తున్నాడు. కండె ఆపలేదు.
"నాకెరికేనే.
మీ తాత సూరాడోడు కాడు.
పెద్ద గాలోన ఎల్లిన మర్నాడు
ఒడ్డంతా దుంగలు, సచ్చిన గొడ్లు.
ఓ దూలమ్మీద నాలుగేళ్ళ గుంటడు.
మాట నేదు. ఉన్నా మనకి తెలీని మాట.
కొండోడన్నారు కొందరు,
వంశధార పొర్లి తెచ్చీసిందని.
రంగం ఓడలోంచి పడిపోనాడన్నారు కొందరు.
మొగకాడ ఏది ఏటిదో ఏది సంద్రానిదో
ఎవుడు సెప్తాడు?
పోలయ్య ముసిలోడు బుజానేసుకొచ్చి
గాలోడని పేరెట్టినాడు.
బడిలో గాలయ్యని రాసుకున్నారు."

కాగితమూ చెప్పలేదు.
బాణం రెండు దారులకీ ఒప్పుకుంది.

వంశధార.
సోషల్ పరీక్షలో ఎన్నిసార్లు రాశానో.
ఆ పూట మొదటిసారి
రెండు ముక్కలుగా వినపడింది.

చిన్నాన్న ఇంకో కన్నం పూడ్చాడు.
పోలయ్యది ఎడమచేతి వాటమట.
ఆయన పక్కన కూర్చుని నేర్చిన మా తాత
అన్నం తిన్నా చుట్ట వెలిగించినా కుడిచెయ్యే,
ముడి దగ్గరికొచ్చేసరికి ఎడమకి తిరిగేవాడు.
అయ్యదీ అంతే, చిన్నాన్నదీ అంతే.
భావనపాడు వాళ్ళు దూరంనుంచే గుర్తుపట్టి
"అదిగో తప్పుముడి వల" అని నవ్వుతారు.
దాలయ్య పెదనాన్న ఇంట్లో ఎవరికీ రాదది.
ఆ ఇల్లు ఎప్పుడో
నెల్లిమర్ల జూటు మిల్లుకి పోయింది.

"అన్నకి సెప్పాలా?"
"సెప్పు. నవ్వుతాడు.
ఐసుపెట్టెలు మోసీవోడికి
నవ్వడానికేటుంది మరి."

దీపం తిరగడం మొదలైంది.
అది ఇటు వచ్చినప్పుడల్లా
అతని వేళ్ళు కనిపించి పోతున్నాయి.
కళ్ళకి ఆనడం నేదని
వల అంచు నా ఒళ్ళో పడేశాడు.

ఎవరూ నేర్పలేదు నాకు.
పడవెక్కని గుంటకి ఎవరు నేర్పుతారు?
కండె పట్టుకున్నాను,
నూలు చుట్టాను,
కుడికి తిప్పుదామనుకున్నాను.

"బిగించు," అన్నాడు చిన్నాన్న
చూడకుండానే.
"ఎడమ ముడి
బిగించకపోతే జారిపోద్ది."